అల్లిన కొరడా: పిడి నుంచి కొస దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఉంటూ తీరిక వేళల్లో కొరడాలు అల్లుతానని తెలిసినప్పటి నుంచి ఇక్కడి తెలుగు మిత్రులు ఏదో ఒక సందేహంతో ఫోను చేస్తూనే ఉన్నారు. నాటకాలాడేవాళ్లు, భుజాలకు వ్యాయామంగా నేర్చుకునేవాళ్లు, ఊరికే చేతిపని మీద మక్కువ ఉన్నవాళ్లు. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా బుల్‌విప్ గురించి, అంటే పొట్టి గట్టి పిడి, పొడవాటి మెత్తని ఒళ్లు ఉండే కొరడా గురించి.

## మొదలుపెట్టే ముందు

కొరడాలో ఏయే భాగాలుంటాయి?

పట్టుకునే చోటు పిడి. చేయి జారకుండా పిడి అడుగున గుండ్రటి ముడి ఉంటుంది. పిడి నుంచి క్రమంగా సన్నబడుతూ పోయే అల్లికను థాంగ్ అంటారు. థాంగ్ చివర ఒంటి పట్టీగా వేలాడేది ఫాల్. ఫాల్ కొసన కట్టే దారపు కుచ్చు క్రాకర్. ఇవి కంటికి కనిపించేవి. కనిపించనివి ఇంకా ఉన్నాయి: పిడిలో ఇనుప ఊచ, థాంగ్ నడిమధ్యన బరువు నింపిన గొట్టం, దానిమీద ఒకటో రెండో లోపలి అల్లికలు, ఒక్కో అల్లికను బిగించి పట్టే చుట్టు. కొరడా మంచిచెడ్డలు తేల్చేవి ఈ కనిపించనివే. పైన ఎంత ముచ్చటగా అల్లినా లోపల బోలుగా ఉంటే అది గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మన చర్నాకోలకూ దీనికీ తేడా ఏమిటి?

చర్నాకోలలో పొడవంతా కర్రదే. కర్ర కొసకు పొట్టి తోలు పాయ కడతారు. బండి మీద కూర్చున్న మనిషి ఎద్దును అందుకోవాలి కాబట్టి ఆ ఏర్పాటు. బుల్‌విప్‌లో ఇది తిరగబడుతుంది: పిడి జానెడో అంతకు కాస్త ఎక్కువో, మిగిలినదంతా అల్లికే. ఆస్ట్రేలియా పశువుల కాపరులు వాడే స్టాక్‌విప్ ఈ రెండింటికీ మధ్యస్థం. దాని పిడి మూర దాకా ఉంటుంది, పిడికీ థాంగ్‌కూ మధ్య తోలు ఉంగరాలు కీలులా పనిచేస్తాయి. బోనాల్లో పోతురాజు ఝళిపించేది వేరే జాతి. అది లావుగా పేనిన తాడు. అందులో పొరల నిర్మాణం వెతకనక్కరలేదు.

సన్నబడడం, సన్నబడడం అని అందరూ ఒకటే చెబుతారు. ఎందుకంత ముఖ్యం?

చప్పుడంతా దాని చలవే కాబట్టి. చేయి ఇచ్చిన ఊపు థాంగ్‌లో ఒక మెలికగా మారి ముందుకు పరుగెడుతుంది. ముందుకు వెళ్లేకొద్దీ కొరడా సన్నబడి, బరువు తగ్గుతుంది. అదే శక్తి తక్కువ బరువులోకి చేరేసరికి వేగం పెరుగుతుంది. మెలిక చివరికొచ్చి విచ్చుకునే వేళకు ధ్వని వేగాన్ని దాటేస్తుంది. 30 డిగ్రీల ఎండలో ఆ వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. మనకు వినిపించే 'ఠాప్' నిజానికి ఒక చిన్న సోనిక్ బూమ్. చాలాకాలం కొస విసురుకే ఆ చప్పుడు పుడుతుందనుకున్నారు. 2002లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన గొరియెలీ, మెక్‌మిలెన్ లెక్కలు కట్టి, చప్పుడుకు మూలం కొస కాదు, ఆ మెలికేనని చూపించారు.

అల్లేవాడికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. థాంగ్ మందం ఒక్కచోట ఠక్కున పడిపోయినా, ఒకచోట ఉబ్బినా, మెలిక అక్కడ తడబడుతుంది. కొంత శక్తి వెనక్కి మళ్లి చేతికి అదురుగా తెలుస్తుంది. కాబట్టి పొరలు, బరువులు, పాయల తగ్గింపులు, ఇవన్నీ ఒకే ఒక్క పనికోసం: పిడి నుంచి కొస దాకా మెట్లు లేకుండా జారిపోయే వాలు.

తొలిసారి చేసేవారు ఎన్ని అడుగులది చేయాలి?

6 అడుగులది. పొట్టిది అల్లడం తేలికే గానీ విసిరితే గబుక్కున తిరిగొచ్చి మొహానికి తగులుతుంది. 8 అడుగులు దాటితే తాడు చిక్కులు తీయడంతోనే సగం రోజు పోతుంది.

ఆ 6 అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి?

బుల్‌విప్‌ను పిడి అడుగు నుంచి అల్లిక ముగిసే చోటు దాకా కొలుస్తారు. ఫాల్, క్రాకర్ లెక్కలోకి రావు. స్టాక్‌విప్‌లో పిడిని కూడా వదిలేసి థాంగ్ ఒక్కదాన్నే కొలుస్తారు. కొనేటప్పుడు ఈ తేడా తెలియక చాలామంది గొడవపడుతుంటారు.

## సామగ్రి

తోలు మంచిదా, నైలాన్ తాడు మంచిదా?

నేర్చుకోవడానికి నైలాన్. తోలుతో పని అంటే ముందు పాయలు కోయాలి, సాగదీయాలి, అంచులు చెక్కాలి, ఆ తర్వాత గానీ అల్లిక మొదలవదు. నైలాన్ తాడు కొన్నరోజే అల్లుకోవచ్చు, తప్పు పడితే విప్పుకోవచ్చు, వానలో తడిసినా బాధ లేదు. చెన్నై గాలిలోని తేమకు తోలు బూజు పడుతుంది, నైలాన్‌కు ఆ బెడద లేదు. అయితే బరువులో, చేతికందే అనుభూతిలో తోలుదే పైచేయి. నైలాన్ తేలిక కాబట్టి లోపల అదనంగా బరువు నింపాల్సి వస్తుంది.

పారాకార్డ్ పేరుతో అమ్మేవన్నీ ఒకటేనా?

కావు. పారాకార్డ్ అంటే పారాచూట్లకు వాడే సన్నటి తాడు. అందులో అసలైన 550 రకం నైలాన్‌తో చేసింది. 550 పౌండ్ల బరువు దాకా, అంటే సుమారు 250 కిలోల దాకా తెగదు. సుమారు 4 మిల్లీమీటర్ల లావుంటుంది. పై తొడుగు లోపల విడిగా పేనిన పోగులుంటాయి. బజారులో అదే పేరుతో పాలీప్రొపిలీన్ తాడు కూడా అంటగడతారు. ఒక ముక్క కోసి, చివర్లు కాల్చి మూసి, నీళ్లలో ముంచి బాగా పిసికి వదలండి. పాలీప్రొపిలీన్ అయితే తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. తేలే తాడు జారుడుగా ఉండి అల్లికలో బిగుతు నిలబెట్టుకోదు, ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది.

తోలుతోనే చేస్తానంటే చెన్నైలో ఎక్కడ, ఏమని అడగాలి?

పెరియమేట్. తోలు వ్యాపారానికి ఈ ఊళ్లో అదే పుట్టిల్లు. కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను 1948లో ఇక్కడే అడయార్‌లో నెలకొల్పారంటే ఈ నగరానికీ తోలుకూ ఉన్న సంబంధం ఎలాంటిదో తెలుస్తుంది. అంగట్లో 'మంచి తోలు' అని అడిగితే సోఫాలకు వాడే మెత్తటి క్రోమ్ తోలు చూపిస్తారు. చేతికి వెన్నలా ఉంటుంది, కానీ సాగుతుంది. సాగే తోలుతో అల్లితే వారం తిరగకుండా థాంగ్ వదులవుతుంది. చెట్ల బెరడుతో, కరక్కాయతో పదును చేసిన వెజిటబుల్ తోలు కావాలని గట్టిగా చెప్పండి. దక్షిణాదిన పూర్వం ఈ పనికి తంగేడు చెక్క విరివిగా వాడేవారు.

తోలు చేతిలోకి తీసుకున్నాక రెండు పరీక్షలు. వెన్ను భాగం నుంచి వేలెడు వెడల్పు పట్టీని రెండు చేతులతో లాగి వదలండి, తిరిగి అదే పొడవుకు రావాలి. అదే పట్టీని పొట్ట భాగం నుంచి తీసుకుంటే సాగి అలాగే ఉండిపోతుంది. వెన్ను వైపు పోచలు దట్టంగా, పొట్ట వైపు పలచగా ఉంటాయి మరి. తరువాత వెలుతురుకు ఎత్తి చూడండి. ఈగ కాట్లు, కత్తి గాట్లు ఉన్నచోట పాయ తెగుతుంది. పాయలు, ఫాల్ వెన్ను భాగం నుంచి తీయాలి. పొట్ట భాగం లోపలి చుట్లకు సరిపోతుంది.

కంగారూ తోలుకు మించింది లేదంటారు, నిజమేనా?

నిజమే. అంత పలచగా కోసినా అంత గట్టిగా నిలిచే తోలు మరొకటి దొరకడం కష్టం. అందుకే పేరున్న కొరడాలన్నీ దానితోనే చేస్తారు. కానీ మొదటి కొరడాకు దాని ఊసే వద్దు.

తాడు కాక ఇంకేం కావాలి?

8 లేదా 10 మిల్లీమీటర్ల ఇనుప ఊచ ఒక జానెడున్నర, సైకిల్ బేరింగ్‌లో వేసే చిన్న ఉక్కు గోళీలు, బట్ట టేపు, మైనం రాసిన దారం, పదునైన కత్తెర, లైటరు. ప్యారిస్ కార్నర్ హార్డ్‌వేర్ సందుల్లో ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి. ఊచను అక్కడే కోయించి, రెండు కొసలూ గుండ్రంగా అరగదీయించుకోండి. పదును కొస లోపలి నుంచి అల్లికను కోసేస్తుంది.

మొత్తం ఎంత తాడు పడుతుంది?

పై అల్లికకు ఒక్కో పాయ పూర్తయ్యే పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. చేయి ఇంకా కుదరనివారు రెండింతలు తీసుకోవడం మేలు. లోపలి పొరలు కలుపుకుంటే 6 అడుగుల కొరడాకు 60 నుంచి 75 మీటర్లు దగ్గర పెట్టుకోండి. మిగిలింది ముడులకు పనికొస్తుంది.

## లోపలి పని

నడిమధ్యన బరువు ఎందుకు? ఏం నింపాలి?

నైలాన్ తేలిక. లోపల బరువు లేకపోతే విసిరినప్పుడు గాలికి తేలిపోతుంది. ఒక పారాకార్డ్ లోపలి పోగులన్నీ లాగేసి, ఖాళీ అయిన తొడుగులో 4 మిల్లీమీటర్ల ఉక్కు గోళీలు ఒకదాని వెనక ఒకటి నింపాలి. థాంగ్ పొడవులో మూడో వంతు దాకా నింపి ఆపండి. గోళీలు అయిపోయాక ఖాళీ తొడుగు ఇంకో జానెడు మిగలాలి. బరువు అక్కడ ఠక్కున తెగిపోకుండా వాలు మొదలయ్యేది దానితోనే. సీసం గుళ్లు వాడతారు కొందరు. ఇంట్లో పిల్లలుంటే వాటి జోలికి వెళ్లొద్దు, ఉక్కుతో పని జరుగుతుంది. తోలు కొరడాలో గోళీలకు బదులు సన్నగా చెక్కిన తోలు ముక్కే గుజ్జుగా ఉంటుంది.

బెల్లీ అంటే ఏమిటి? ఎన్ని ఉండాలి?

పై అల్లిక కింద దాగే లోపలి అల్లికే బెల్లీ. 6 అడుగుల దానికి రెండు ఉంటే బాగుంటుంది. మొదటిది 4 పాయలతో, సుమారు సగం పొడవు దాకా. రెండోది 8 పాయలతో, ముప్పావు దాకా. ఆ తర్వాత పై అల్లిక ఒక్కటే మిగులుతుంది. ఇలా ఒక్కో పొర ఒక్కోచోట ముగియడం వల్లే వాలు ఏర్పడుతుంది. రెండు పొరలు ఒకేచోట ముగిస్తే అక్కడ మెట్టు పడుతుంది. చాలామంది 'ఎలాగూ కనబడదు కదా' అని బెల్లీని చకచకా లాగించేస్తారు. నా మటుకు నేను పై అల్లిక కన్నా బెల్లీకే ఎక్కువ సమయం ఇస్తాను. కింద వదులుగా ఉన్నదాన్ని పైన ఎంత బిగించినా లాభం లేదు.

బోల్‌స్టర్ అవసరమా? టేపు చుట్టడం మోసం కాదా?

మోసమేమీ కాదు. బెల్లీ మీద, పై అల్లిక కింద వేసే చుట్టునే బోల్‌స్టర్ అంటారు. తోలు కొరడాలో ఆ పనికి సన్నబడేలా కోసిన తోలు చుట్టు వాడతారు, నైలాన్‌లో బట్ట టేపు. బెల్లీ మీది గాళ్లను పూడ్చి, పై పొరకు నున్నని నేల ఇస్తుంది. పిడి దగ్గర రెండు మూడు చుట్లు, ముందుకు పోయేకొద్దీ ఒక్క చుట్టు, బెల్లీ ముగిసే చోటికి నాలుగు వేళ్ల ముందే ఆపేయాలి.

ఊచ ముగిసే చోట విరిగినట్టు వంగుతోంది. ఏం చేయాలి?

పూర్తయిన కొరడాకు చేయగలిగింది తక్కువ, విప్పాల్సిందే. కొత్తగా అల్లుతుంటే ముందే జాగ్రత్త పడవచ్చు. గట్టి ఊచ ఆగి మెత్తని అల్లిక మొదలయ్యే ఆ ఒక్క అంగుళమే కొరడా మొత్తంలో ఎక్కువ నలిగే చోటు. గోళీల గొట్టాన్ని ఊచ కొసకు ఆనించి, రెండింటి మీదుగా మైనం దారాన్ని రెండు వైపులా బెత్తెడు చొప్పున వత్తుగా చుట్టండి. దానిపైన ఒక పలచటి వెదురు బద్దనో తోలు పట్టీనో ఊచ మీంచి ముందుకు నాలుగు వేళ్లు చాచి కట్టినా మంచిదే. అల్లాక పిడి పట్టుకుని అడ్డంగా చాపితే థాంగ్ విల్లులా వంగాలి, మోచేయిలా మడవకూడదు.

## పై అల్లిక

12 పాయలు చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి. అసలు ఎలా అల్లాలి?

జడ వేయడం వచ్చినవారికి చేయి త్వరగా తిరుగుతుంది. ఊచ అడుగును కిటికీ కమ్మీకి కట్టండి, థాంగ్ మీ వైపు రావాలి. పాయలను ఎడమకు 6, కుడికి 6 విడదీయండి. ఎడమవైపు అన్నింటికన్నా పైనున్న పాయను వెనకనుంచి తిప్పి కుడివైపుకు తెచ్చి, అక్కడి 3 పాయల కిందుగా, 3 పాయల మీదుగా పోనిచ్చి తిరిగి ఎడమ గుంపులో అడుగున చేర్చండి. తర్వాత కుడివైపు పై పాయతో ఇదే పని ఎడమకు. అంతే, చివరిదాకా ఇదే. రెండు గుంపులూ కలిసేచోట చేప ముల్లులా ఒక గీత ఏర్పడుతుంది. ఆ గీత తిన్నగా రావాలి. అది ఒక పక్కకు తిరుగుతోందంటే ఒక చేతి లాగుడు రెండో చేతికన్నా ఎక్కువైందన్నమాట.

ఎంత బిగించాలి?

చేతనైనంత కాదు, ఒకేలా. ప్రతి పాయనూ థాంగ్‌కు వాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో లాగండి. వేళ్లకు బట్ట టేపు చుట్టుకోకపోతే చర్మం లేస్తుంది. ముందు గట్టిగా, అలసట వచ్చాక వదులుగా అల్లడం కన్నా మొదటి నుంచీ మధ్యస్థంగా బిగించడం నయం. తోలుతో అల్లేవారు సబ్బు, కొవ్వు కలిపి కాచిన ముద్దను పాయలకు పట్టిస్తారు. రాపిడి తగ్గి పాయ తన చోట కుదురుగా కూర్చుంటుంది.

పాయలు ఎక్కడ, ఎలా తగ్గించాలి?

అల్లుతూ పోతుంటే ఒకచోట పాయలు ఇరుకై ఒకదానిమీద ఒకటి ఎక్కడం మొదలవుతుంది. అదే గుర్తు, స్కేలుతో కొలవనక్కరలేదు. అప్పుడు ఎడమనుంచి ఒక పాయను తీసి, లోపలి పోగులు లాగేసి చదును చేసి, థాంగ్ నడుమ పడుకోబెట్టి, మిగిలిన పాయలతో దానిమీదుగా అల్లుకుంటూ పోవాలి. రెండు అంగుళాలు అల్లాక కుడివైపు నుంచి మరొకటి. రెండూ ఒకేచోట దింపితే అక్కడ బొడిపె, దాని వెంటనే గుంట. లోపల పడుకున్న పాయను నాలుగు వేళ్ల దూరం వచ్చాక ఏటవాలుగా కోసేయండి. 12 పోయి 10 అయ్యాక లెక్క 3 కింద, 2 మీద. 8 అయ్యాక 2 కింద, 2 మీద. 6 అయ్యాక 2 కింద, 1 మీద. బెల్లీ ముగిసే చోట మాత్రం పాయ దింపకండి. అక్కడ ఎలాగూ సన్నబడుతుంది, రెండూ కలిస్తే నడుము తెగినట్టవుతుంది.

8, 12, 16 పాయల్లో ఏది మేలు?

చప్పుడుకు తేడా లేదు. పాయలు ఎక్కువైతే పైభాగం నున్నగా, వాలు నెమ్మదిగా వస్తుంది. మొదటిసారికి 8 లేదా 12.

పిడి మీద రెండు రంగుల వజ్రాల నమూనా వేయవచ్చా?

వేయవచ్చు. ముందు ఒంటి రంగుతో ఒకటి పూర్తిచేయండి.

అల్లాక ఎగుడుదిగుడుగా ఉంది. పాడైనట్టేనా?

కాదు. గట్టి నేల మీద థాంగ్‌ను పరిచి, పైన నున్నటి చెక్క పలక పెట్టి, రెండు చేతులా బరువు మోపి ముందుకూ వెనక్కూ దొర్లించండి. జానెడు దొర్లించాక వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది, పాయల మధ్య గట్లు అణిగి గుండ్రం తేలుతుంది. ప్రతి పొర పూర్తయ్యాక ఇలా చేయాలి, చివర్న ఒక్కసారి చేస్తే లోపలివి కుదురుకోవు. పింగాణీ టైల్స్ నేల మీద జారుతుంది, సిమెంటు నేల లేదా షాబాదు బండ అయితే బాగుంటుంది. గోళీలున్న భాగాన్ని కాస్త నెమ్మదిగా దొర్లించండి.

పిడి అడుగున ఆ గుండ్రటి ముడి అలంకారమా?

అందంతోపాటు పని కూడా ఉంది. పాయల మొదళ్లను మూసేస్తుంది, విసిరేటప్పుడు చేయి జారకుండా ఆపుతుంది, వెనకవైపు బరువుతో తూకం ఇస్తుంది. ముందు టేపుతో ఉండలా చుట్టి, దానిమీద టర్క్స్‌హెడ్ ముడి వేయాలి. పిడి, థాంగ్ కలిసేచోట చిన్నది మరొకటి వేస్తారు.

## కొస పని

థాంగ్‌నే కొస దాకా అల్లేస్తే పోదా, ఫాల్ ఎందుకు?

నేలకు రాసుకునేదీ, ముందుగా అరిగేదీ కొసే. వారాలు పట్టిన అల్లికను అరగనివ్వడం కన్నా ఒక పట్టీని అరగనిచ్చి మార్చుకోవడం తెలివైన పని. సిగ్నల్‌విప్ అనే పొట్టి రకంలో మాత్రం ఫాల్ ఉండదు, క్రాకర్ నేరుగా అల్లికకే ఉంటుంది.

ఫాల్ ఎలా కట్టాలి?

6 అడుగుల దానికి రెండడుగుల పైచిలుకు తోలు పట్టీ చాలు. లావు కొసలో చిన్న గాటు పెట్టి, థాంగ్ చివరను అందులోంచి దూర్చండి. మిగిలిన పాయలను ఒక్కొక్కటిగా ఫాల్ చుట్టూ తిప్పి, దాని కిందనుంచే లాగి పిడి వైపు బిగించాలి. చివరి పాయ ముందువాటన్నింటినీ పట్టి ఉంచుతుంది. తడిపిన తోలు మీద కడితే ఆరాక ఇంకా బిగుస్తుంది.

క్రాకర్‌కు ఏ దారం వాడాలి?

కాశీమేడు చేపల రేవు దగ్గర వలల అంగళ్లలో దొరికే సన్నటి నైలాన్ దారం దివ్యంగా పనిచేస్తుంది. మూరెడు పొడవు పోగుల గుత్తి తీసుకుని, మధ్యలో మేకుకు తగిలించి, రెండు సగాలనూ ఒకే దిక్కుకు బాగా పురి పెట్టండి. తర్వాత రెండింటినీ పక్కపక్కన చేర్చి ఎదురు దిక్కుకు వదిలితే అవే పెనవేసుకుంటాయి. కొసన ముడి వేసి, ముడి అవతల వేలెడు కుచ్చు వదలండి. నూలు దారం కూడా మోగుతుంది గానీ నాలుగు చప్పుళ్లకే పీలికలవుతుంది. క్రాకర్లు అరగడం మామూలే, ఒక్కసారి కూర్చుని గుప్పెడు చేసి పెట్టుకోండి.

## వాడకం, సంరక్షణ

అన్నీ సరిగ్గానే చేశాను, చప్పుడు మాత్రం రావడం లేదు.

ముందు క్రాకర్ చూడండి, కుచ్చు మరీ గుబురుగా ఉంటే కత్తిరించండి. తర్వాత కొరడా సహజంగా ఏ వైపు వంగుతుందో గమనించండి. ప్రతి కొరడాకూ ఒక వంపు ఉంటుంది, దానికి ఎదురు విసిరితే మొరాయిస్తుంది. ఇవి రెండూ బాగుంటే లోపం బలప్రయోగంలో ఉంది. బలం తగ్గించి, చేతిని తలమీదుగా తిన్నగా ముందుకు తెచ్చి ఆపండి.

చెన్నైలో సాధన ఎక్కడ చేయాలి?

అనుమతి ఉన్న ఖాళీ మైదానంలో, తెల్లవారాక జనం లేని వేళ. మెరీనా పనికిరాదు. జనం సంగతి అలా ఉంచితే, పాయల సందుల్లో చేరిన ఇసుక లోపలి నుంచి తాడును కోస్తుంది. చుట్టూ కొరడా మొత్తం పొడవుకు రెండింతల దూరం ఎవరూ ఉండకూడదు. కళ్లకు అద్దాలు, చెవుల్లో దూది, పొడుగు చేతుల చొక్కా, తలకు టోపీ తప్పనిసరి. అపార్ట్‌మెంటు మేడ మీద మాత్రం వద్దు. కింది అంతస్తులవాళ్లకు టపాసులు పేలినట్టు వినబడుతుంది.

దీన్ని పశువుల మీద వాడవచ్చా?

కూడదు. జంతువును కొట్టి అనవసర బాధ పెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆస్ట్రేలియా కాపరులు కూడా మందను మళ్లించేది చప్పుడుతోనే. ధ్వని వేగం దాటే కొస చర్మానికి తగిలితే చీరేస్తుంది.

నైలాన్ కొరడాకు మైనం పట్టించాలా?

పట్టిస్తే బరువు పెరుగుతుంది, పాయలు కదలవు, నీరు పట్టదు. పారాఫిన్ మైనాన్ని నేరుగా పొయ్యి మీద కరిగించకండి, అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్లు మరగనిచ్చి, అందులో మైనం గిన్నె పెట్టి కరిగించండి. థాంగ్‌ను కాసేపు ముంచి తీసి, పాత బట్టతో తుడిచి, వేడి మీదే పలక కింద దొర్లించండి.

ఈశాన్య రుతుపవనాల్లో తోలు కొరడా బూజు పట్టింది. ఎలా?

పొడి బట్టతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే బీటలు వారుతుంది. ఆరాక తోలు నూనె పలచగా రాయండి, ఎక్కువైతే పాయలు మెత్తబడి సాగుతాయి. ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టడమే బూజుకు అసలు కారణం, గుడ్డ సంచి వాడండి.

వాడనప్పుడు ఎలా ఉంచాలి?

సహజంగా వంగే వైపుకే వెడల్పాటి చుట్టగా చుట్టి, లావు గుండ్రటి కొయ్యకు తగిలించండి. సన్నటి మేకుకు వేలాడదీస్తే బరువంతా ఒక్కచోట పడి అక్కడ మడత పడుతుంది. ఫాల్ మాత్రం తిన్నగా కిందికి వేలాడాలి.